మంచు శిబిరానికి పాపను పంపొచ్చా?

ప్రశ్న: మేం మిన్నెసోటాలో ఉంటున్నాం. ఏడో తరగతి చదివే మా పాపను బడివాళ్లు జనవరిలో మంచు శిబిరానికి తీసుకెళ్తారట. అంత చలిలో పంపాలంటే భయంగా ఉంది. ఏం నేర్పి పంపాలి?

జవాబు: నిశ్చింతగా పంపండమ్మా. ముందు బట్టలు చూడండి. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా పాలిస్టర్, దానిపైన ఫ్లీస్, అన్నిటికీ పైన గాలి చొరబడని జాకెట్ ఉండాలి. నూలు బనియన్లు, జీన్స్ వద్దు. చెమటకు తడిస్తే ఓ పట్టాన ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. చెమట పట్టకముందే ఒక పొర తీసేయమని చెప్పండి.

ఇలాంటి శిబిరాల్లో మంచు గూడు కట్టడం నేర్పుతుంటారు. మంచును కుప్పపోసి, గంటో రెండు గంటలో గట్టిపడనిచ్చి, చుట్టూ అడుగు పొడవు పుల్లలు గుచ్చుతారు. లోపలి నుంచి తవ్వుతుంటే పుల్ల కొన కనబడగానే ఆపేయాలి. గోడ మందం అక్కడికి సరిపోయినట్టు. కప్పుకు గాలి రంధ్రం తప్పనిసరి. తవ్వేవాళ్లను కనిపెట్టుకుని బయట ఒకరుండాలి.

వేళ్లు తిమ్మిరెక్కి పాలిపోతే రుద్దకూడదు; చంకలో పెట్టుకుని వెచ్చబరచాలి. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా వెంటనే టీచరుకు చెప్పాలి. స్నేహితుల్లో ఆ లక్షణాలు కనిపించినా అంతే.

వెళ్లేముందు ఒక సాయంత్రం ఆ బట్టలతోనే పెరట్లో అరగంట ఆడనివ్వండి. ఏది చాలదో తనే చెబుతుంది.