గొయ్యి కాదు, బొమ్మ!

రాళ్లు పరిచిన వీధి. నేల పగిలింది. పెద్ద గొయ్యి పడింది. గోతిలోంచి మనుషులు పైకి పాకి వస్తున్నారు!

భయపడకండి. అది గొయ్యి కాదు. రంగు సుద్దలతో గీసిన బొమ్మ. నేల చదునుగానే ఉంది.

ఈ బొమ్మ ఇటలీ దేశంలోది. గీసినాయన పేరు కర్ట్ వెన్నర్. ఆయనది అమెరికా. అక్కడ నాసా అనే అంతరిక్ష సంస్థకు బొమ్మలు గీసే ఉద్యోగం చేశారు. దాన్ని వదిలి 1982లో ఇటలీలోని రోము నగరానికి వెళ్లారు. పాతకాలం చిత్రకారుల బొమ్మలు చూసి నేర్చుకోవాలని ఆయన ఆశ. మరి తిండి ఎలా? వీధిలో నేల మీద బొమ్మలు గీశారు. దారిన పోయేవాళ్లు వేసిన చిల్లర డబ్బులతో బతికారు.

ఇటలీలో ఈ పని పాతదే. నేల మీద బొమ్మలు గీసేవాళ్లను అక్కడ 'మదొన్నారి' అంటారు. వాళ్లు ఎక్కువగా మరియమ్మ తల్లి బొమ్మలు గీసేవారు. అందుకే ఆ పేరు వచ్చింది. 1973లో గ్రాత్సియే అనే ఊళ్లో వాళ్లకు పోటీలు మొదలయ్యాయి.

వెన్నర్ ఈ పాత పనికి కొత్త కిటుకు చేర్చారు. ఏమిటా కిటుకు?

రైలు పట్టాలు చూశారా? దూరాన కలిసిపోయినట్టు ఉంటాయి. నిజానికి కలవవు. దూరంగా ఉన్నది మన కంటికి చిన్నదిగా కనిపిస్తుంది. అందుకని బొమ్మలో దూరంగా ఉండే భాగాన్ని ఆయన పెద్దగా, సాగదీసి గీస్తారు. సరైన చోట నిలబడి చూస్తే బొమ్మ లేచి నిలబడుతుంది. లేదా లోతుగా దిగుతుంది. పక్కకు జరిగితే? అంతా వంకర టింకర!

ఇలాంటి బొమ్మకు రోజులు పడతాయి. ఒక్క వానకు కరిగిపోతుంది. మన ముగ్గూ అంతే కదా! చెరిగిపోతుందని వేయడం మానేస్తామా?

కంటికి కనిపించిందల్లా నిజం కాదు. నాలుగడుగులు జరిగి, ఇంకో వైపు నుంచి కూడా చూడాలి.

చేసి చూడండి

1. నేల మీద సుద్దతో జానెడు అడ్డగీత గీయండి.
2. దానికి నాలుగు జానల అవతల ఇంకో అడ్డగీత గీయండి. అది రెండు జానలు ఉండాలి. రెండు గీతల నడిమి భాగాలు ఎదురెదురుగా ఉండాలి.
3. రెండు గీతల కొసలు కలపండి.
4. చిన్న గీతకు నాలుగు జానల ఇవతల, గీత నడిమికి ఎదురుగా కూర్చోండి. ఒక కన్ను మూసి చూడండి. నిలబెట్టిన పలకలా కనిపిస్తుంది.

చెప్పండి

1. వెన్నర్ రోములో ఎలా బతికారు?
2. పక్కకు జరిగితే బొమ్మ ఎందుకు వంకరగా కనిపిస్తుంది?
3. ఒక వైపే చూసి నమ్మి, తర్వాత అసలు సంగతి తెలుసుకున్న సందర్భం మీకు ఉందా?