తబిత చేతిపని
పఠనం: అపో.కా. 9:36-42

యొప్పాలో తబిత అనే శిష్యురాలు మరణించింది. గ్రీకులో ఆమె పేరు దోర్కా. రెండింటికీ అర్థం లేడి. పునీత పేతురుగారు రాగానే విధవరాండ్రు ఏడుస్తూ చుట్టూ చేరి, ఆమె బ్రతికి ఉండగా కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించారు. ఆమె దాతృత్వానికి అవే సాక్ష్యం. పేతురుగారు ప్రార్థించగా ఆమె లేచి కూర్చుంది.

మన ఆప్తులను మళ్లీ చూడడానికి మనం పునరుత్థాన దినం వరకు వేచి ఉండాలి. అయితే ఊరికే వేచి ఉండనక్కరలేదు.

మన విచారణలో స్వెట్టర్లు అల్లి పేదలకు పంచే ఒక సోదరి మరణించిందనుకోండి. ఆమె సంచిలో ఉన్ని ఉండలు, సూదులు, సగం అల్లిన చంటిబిడ్డ స్వెట్టరు మిగిలాయి. గుర్తుగా పెట్టెలో దాచితే అది పురుగుల పాలవుతుంది. ఆమెతో కలిసి అల్లినవారే దానిని పూర్తి చేయాలి. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కో రకం గనుక చేయి మారిన చోటు కనబడుతుంది. కనబడనివ్వండి. ఆమె ఆపిన పనిని విడిచిపెట్టలేదని అది చెబుతుంది.

యూదా మక్కబీయుడు యుద్ధంలో మరణించిన వారికై ప్రార్థించి ఊరుకోలేదు, చందా పోగుచేసి పాపపరిహార బలి కొరకు యెరూషలేముకు పంపాడు (2 మక్క. 12:43). మృతుల కొరకు ప్రార్థనతోపాటు దానధర్మాలు కూడా చేయమని తిరుసభ బోధిస్తుంది.

ఆచరణ: ఆమె ఆత్మ కొరకు దివ్యపూజ చెప్పించండి. ఆ రోజే ఆ స్వెట్టరును చలికి వణికే ఒక బిడ్డకు తొడగండి.