ముందు గ.సా.భా., తర్వాతే క.సా.గు.

ఆమె ఆసుపత్రిలో నర్సు, ఆరు రోజులకోసారి ఆఫ్. ఆయన బస్సు కండక్టరు, ఎనిమిది రోజులకోసారి. ఇద్దరికీ ఒకేరోజు సెలవు ఎప్పుడు? హైస్కూలు లెక్కలు గుర్తున్నవాళ్లు టక్కున చెప్పేస్తారు: 6, 8ల క.సా.గు. 24, కాబట్టి 24 రోజులకోసారి.

తొందరపడకండి. క్యాలెండరు ముందు పెట్టుకోండి. ఆమె ఆఫ్‌లు 6, 12, 18, 24 తేదీల్లో పడ్డాయి. ఆయనవి 1, 9, 17, 25. ఆమెవన్నీ సరి, ఆయనవన్నీ బేసి. నెల మారినా లెక్క ఆపకుండా 32, 33 అనుకుంటూ పోయి చూడండి. రిటైరయ్యేదాకా ఎదురుచూసినా ఆ రెండూ కలవవు.

దీనికి కారణం గ.సా.భా. (కొన్ని పుస్తకాల్లో గ.సా.కా. అని ఉంటుంది, రెండూ ఒకటే.) 6, 8ల గ.సా.భా. 2. ఇద్దరి ఆఫ్‌ల మధ్య ఎడాన్ని ఆ 2 నిశ్శేషంగా భాగిస్తేనే కలయిక. ఇక్కడ ఒకటో తేదీకీ ఆరో తేదీకీ ఎడం 5. అసలు కలుస్తామా లేదా అన్నది గ.సా.భా. తేలుస్తుంది, ఎన్నాళ్లకోసారి అన్నది క.సా.గు. చెబుతుంది. మొదటిది తేల్చుకోకుండా రెండోదానికి పరుగెత్తడమంటే పెళ్లిచూపులు కాకముందే ముహూర్తం పెట్టించుకోవడమే.

ఇప్పుడేం చేయాలి? ఆయన ఒక్కసారి, ఒకే ఒక్క ఆఫ్‌ను ఒకరోజు వెనక్కి జరిపించుకుని, ఎనిమిది లెక్క అక్కణ్నుంచి మొదలెట్టించుకుంటే చాలు. 2, 10, 18. పద్దెనిమిదిన ఇద్దరూ ఇంట్లోనే. ఆపైన 42, 66, అలా 24 రోజులకోసారి. "ఇంట్లోవాళ్లకి టైమే ఇవ్వలేకపోతున్నా" అని వాపోయేవాళ్లలో కొందరికి ఈపాటి సర్దుబాటే సరిపోతుంది. ఇన్‌చార్జిని ప్రతి వారం బతిమాలడం కంటే ఒక్కసారి అడగడం నయం కదా!

ఆదివారం సంగతి వేరు. 7 ప్రధాన సంఖ్య. 6తోనైనా 8తోనైనా దాని గ.సా.భా. 1. అందుకని లెక్క ఏ రోజున మొదలైనా ఆమెకు 42 రోజులకోసారి, ఆయనకు 56 రోజులకోసారి ఆదివారం ఆఫ్ దక్కి తీరుతుంది.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ మెలిక తరచుగా కనబడదు. అక్కడ గంటలన్నీ "ఒకేసారి మోగి" మొదలవుతాయి, ట్రాఫిక్ లైట్లన్నీ ఒకేసారి మారతాయి. మొదలు వాళ్లే కలిపేసి ఇస్తే ఇక గ.సా.భా.కు పనేముంది? మొదళ్లు కలవని ఇలాంటి లెక్కలకే ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటీయంలో కుట్టకం అనే పద్ధతి చెప్పాడు.

గ.సా.భా. పట్టడానికి ప్రతిసారీ కారణాంకాల చెట్టు వేస్తూ కూర్చోకండి. 391, 323 తీసుకోండి. 2 పోదు, 3 పోదు, 5, 7, 11, 13 ఏవీ పోవు. చాలామంది పెన్ను పడేసేది ఇక్కడే. మీరు మాత్రం పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి: 68. రెంటినీ భాగించే సంఖ్య వాటి తేడానీ భాగించాల్సిందే. 323లోంచి నాలుగు 68లు తీస్తే మిగిలేది 51. 68లోంచి 51 పోతే 17. 51లో 17 సరిగ్గా మూడుసార్లు పోతుంది, శేషం సున్నా. గ.సా.భా. 17. యూక్లిడ్ దాదాపు 2300 ఏళ్ల క్రితం తన 'ఎలిమెంట్స్' ఏడో పుస్తకం మొదట్లోనే ఈ పద్ధతి చెప్పాడు.

క.సా.గు. కోసం 391ని 323తో గుణించే సాహసం వద్దు. ముందు భాగించండి: 391లో 17 పోయేది 23 సార్లు. 23 × 323 = 7429. అంతే.

ముగ్గురుంటే మాత్రం జాగ్రత్త. లబ్ధాన్ని గ.సా.భా.తో భాగిస్తే క.సా.గు. వస్తుందన్న సూత్రం రెండు సంఖ్యలకే. 4, 6, 10 రోజులకోసారి ఆఫ్ వచ్చే ముగ్గురు స్నేహితులున్నారనుకోండి. లబ్ధం 240, గ.సా.భా. 2 అని 120 రాసేస్తే తప్పు. ముందు 4, 6 కలిపితే 12, ఆ 12ను 10తో కలిపితే 60. ఇక్కడ ఏ జంట తీసుకున్నా గ.సా.భా. 2 కాబట్టి ముగ్గురి లెక్కా సరి తేదీలతో అయినా మొదలవ్వాలి, ముగ్గురిదీ బేసితో అయినా మొదలవ్వాలి. ఒక్కరు అటూ ఇటూ అయ్యారా, ఎవరో ఒకరు సెలవు పెడితే తప్ప ఆ ముగ్గురి కబుర్లూ వాట్సాప్‌లోనే.