మితభాషి ధైర్యము - హనుమంతుడు చూపిన మార్గము

తిరుమలలో శ్రీవారి మహాద్వారమున కెదురుగా, సన్నిధి వీథిలో శ్రీ బేడి ఆంజనేయస్వామి చేతులు జోడించి నిలచియున్నాడు. లంకను గడగడలాడించిన మహావీరుడు ప్రభువు నెదుట మాట లేక అంజలి ఘటించుట యాత్రికులందరు చూచునదే. మితభాషికి నాయకత్వము తగదని తలంచువారును, ఒకమారు పదవి తప్పినంతనే తాము పనికిరానివారమని కుమిలిపోవువారును ఆ మూర్తి యెదుట క్షణకాలము నిలచి ఆలోచింపవలెను.

మన కుటుంబములలో ఇట్టివారు గలరు. ఏండ్ల తరబడి నమ్మకముగా పనిచేసిన ఉద్యోగి యొకడు. నలుగురిలో ముందునకు వచ్చి మాటాడు స్వభావము కాదు. కొంతకాలము పెద్ద బాధ్యత వహించెను. ఏదో పని చెడినది. ఆ బాధ్యతను మరియొకరి కప్పగించిరి. నాటినుండి ఇంట భోజనమునకు కూర్చున్నను మాట లేదు. మరల పదిమందిని నడుపుమని పిలుపు వచ్చిన "నా వలన కా"దనును. ఆ మాట వినయము వలె వినబడును గాని, దానిలో నున్నది భయమే. ఈ రెంటికి గల భేదమును శ్రీమద్రామాయణము చక్కగా చూపుచున్నది.

సుగ్రీవుడు సీతాన్వేషణమునకు ఒక మాసము గడువిచ్చి వానరులను పంపెను. దక్షిణ దిక్కునకు వెళ్లిన వారికి యువరాజగు అంగదుడు నాయకుడు. గడువు దాటినది, సీతమ్మ జాడ లేదు. అంగదుడంతటివాడు నిరాశతో ప్రాయోపవేశమునకు సిద్ధపడెను. సంపాతి వలన జాడ తెలిసినను, నడుమ నూరు యోజనముల సముద్రము. గజుడు 10 యోజనములు, గవాక్షుడు 20 యోజనములు దాటగలమనిరి. వృద్ధుడగు జాంబవంతుడు 90 యోజనములనెను. అంగదుడు నూరును దాటగలనుగాని తిరిగి రాగలనో లేదో యనెను. ఇన్ని మాటలు జరుగుచున్నను హనుమంతుడు ఒకచోట మౌనముగా కూర్చుండెను.

ఆయన మాట రానివాడా? కాదు. ఋశ్యమూకము కడ తొలిసారి కలిసినప్పుడు ఆయన మాటతీరునకు శ్రీరాముడే ముగ్ధుడై, వేదములు, వ్యాకరణము చక్కగా నభ్యసించినవాడే ఇట్లు పలుకగలడని లక్ష్మణునితో ప్రశంసించెను. కావున మౌనము అసమర్థతకు గుర్తు కాదు. జాంబవంతుడు ఆ మౌనమును గ్రహించి, దగ్గరకు పోయి, ఆయన జన్మవృత్తాంతమును, బాల్యమున సూర్యుని కొరకు ఎగిరిన సంగతిని జ్ఞప్తికి దెచ్చెను. లేని బలమును పొగడ్తతో కల్పింపలేదు. ఉన్న బలమునే గుర్తుచేసెను. కష్టములో నున్న వానికి ఇంటి పెద్దలు చేయదగిన ఉపకారమిదియే.

అయితే ప్రోత్సాహముతోనే కార్యము ముగియలేదు. లంకలో హనుమంతుడు రావణాంతఃపురమంతయు వెదకెను. నిద్రించుచున్న మండోదరిని చూచి సీతయని భ్రమించి సంతోషించి, పిదప తన పొరపాటు నెరిగెను. ఎంత వెదకినను అమ్మ కానరాలేదు. వట్టి చేతులతో మరలినచో కలుగు అనర్థములను ఊహించి, తిరిగి పోకుండుటయే మేలనియు, ప్రాణత్యాగము చేయుదుననియు తలపోసెను. అంతటి మహాత్మునికిని ఆ ఘడియ తప్పలేదు! పిమ్మట జీవించియున్నవానికే శుభము కలుగునని నిశ్చయించుకొని, తాను ఇంకను వెదకని చోటేదని చూచెను. అశోకవనము కనబడెను. శ్రీరామలక్ష్మణులకు, సీతమ్మకు, దేవతలకు నమస్కరించి అటు సాగెను. అమ్మ దర్శనమైనది.

మనకు కావలసిన పాఠము ఇక్కడనే యున్నది. మొదటిది, దుఃఖము పొంగిన వేళ తుది నిర్ణయము చేయరాదు. రెండవది, జరిగిన వైఫల్యమును గూర్చి "నే నెట్టివాడను?" అని కాక "నేను చూడక విడిచిన దేమి?" అని ప్రశ్నించుకొనవలెను. మొదటి ప్రశ్న మనిషిని క్రుంగదీయును. రెండవది త్రోవ చూపును. మూడవది, నమస్కరించి తరువాతి అడుగు వేయవలెను.

లంకలో హనుమంతుడు తన్ను తాను కోసలేంద్రుని దాసునిగా చాటుకొనెను. ఆయన ధైర్యమునకు మూలము ఈ దాస్యభావమే. కార్యము స్వామిది, నేను పనిముట్టును అనుకొనువానికి, నలుగురు నన్నేమనుకొందురో యను బెదురు సన్నగిల్లును. భయము "నే"నను చుట్టు తిరుగును. వినయము స్వామి కార్యము చుట్టు తిరుగును.

తిరిగి వచ్చినప్పుడును ఆయన ముందు జాంబవంతాది పెద్దలకు, కుమారుడగు అంగదునకు నమస్కరించి, సీతమ్మను చూచితినను ముఖ్యవార్తను రెండు మాటలలో చెప్పెను. వివరము తరువాత. మితభాషియగు నాయకునికి ఇదియే తగిన పద్ధతి: పెద్దలకు గౌరవము, కావలసిన మాట ముందు, ఇతరులు చెప్పునది వినుటకు ఓర్పు.

కావున పదవి తప్పిన సోదరులు మొదట చిన్న సేవ నొకదానిని చేపట్టవలెను. ఊరి కోవెలలో ప్రసాదపు వరుసను సరిచూచుట, భజన బృందమును వేళకు చేర్చుట వంటివి చాలును. పదిమందితో కలసి పని నెరవేర్చిన కొలదిని నమ్మకము దానంతట అదే మరలును. ఇంటివారు దెప్పక, తొందరపెట్టక, వారు పూర్వము చక్కగా చేసిన పనులను గుర్తుచేయవలెను. హనుమంతుడు మరలువరకు ఒంటికాలిపై నిలచి యుందుమని జాంబవంతుడు పలికెను గదా! మనవారి కొరకు మనమును అట్లు వేచియుండవలదా?

అంజలి ఘటించిన ఆ చేతులే సంజీవని పర్వతము నెత్తినవి. ఆ స్వామి కృపచే మనకును వినయముతో కూడిన ధైర్యమును శ్రీ వేంకటేశ్వరుడు ప్రసాదించుగాక!