ఒకే దినము – అనేక సంవత్సరములు

1947వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీని మనము విచారింతము. ఆ దినమున నైజాము రాజ్యమందలి ఖానాపురం హవేలికి ఫసలీ 1356. అడవి కావల మద్రాసు పరిపాలనలో నుండిన భద్రాచలమునకు ఫసలీ 1357. ఏలయన, ఫసలీ నైజామునందు అక్టోబరులోను, మద్రాసు సీమయందు జూలై 1వ తేదీనను ఆరంభమగుచుండెను. అదే దినము పంచాంగమున శాలివాహన శకము 1869, సర్వజిత్తు, హిజ్రీ 1366.

దక్కను ఫసలీ 1636లో, షాజహాను కాలమున, హిజ్రీ 1046 అంకెతోనే పుట్టినది. చాంద్రవత్సరము సౌరవత్సరముకంటె సుమారు 11 దినములు కొఱత గనుక, క్రమముగా ఈ రెంటికి తొమ్మిది, పది యేండ్ల యెడము కలిగెను. పంట సూర్యు ననుసరించును. శిస్తు పంట ననుసరింపవలెను గదా!

కావున పాత దస్తావేజును చదువునపుడు అది యే సీమదో మొదట నరయవలెను. లేనియెడల ఒక యేడు తప్పుదుము. అంకెలు మనుష్యకల్పితములు, దినము సర్వులకు నొక్కటియే. తమ లెక్కయే సత్యమని వాదించువా రిది యోజింతురుగాక.