బిడ్డ మనసును కనిపెట్టే విద్య

ముందుగా చదవండి: పునీత మార్కు 10:13–16



మిరప కల్లాలు మనకు కొత్త కావు. ఎండుకాయల రాశి ముందు కూర్చున్న స్త్రీలు తాలుకాయలు ఏరటం మీరంతా చూసినదే. ఒకవైపు మాటలు సాగుతూనే ఉంటాయి, చేయి మాత్రం పొరపాటు పడదు. ఈ నేర్పు వారికి పుస్తకాల వల్ల రాలేదు. తల్లి పక్కన, అత్త పక్కన కూర్చుని కొన్ని పంటకాలాలు పనిచేస్తే వచ్చింది. తాపీ మేస్త్రి దగ్గర కుర్రవాడు, టైలరు దగ్గర కాజాలు కుట్టే పిల్లవాడు నేర్చుకునేదీ ఇలాగే. దీనినే మన పెద్దలు శిష్యరికం అన్నారు.

బిడ్డ మనసులోని బాధను కనిపెట్టటం కూడా ఇటువంటి విద్యే. ఒకరోజు సెమినారులో ఉపన్యాసం విన్నంత మాత్రాన అది పట్టుబడదు. బడిలోనూ హాస్టలులోనూ పిల్లల మధ్య పనిచేసేవారికి ఈ విద్యను శిష్యరికం పద్ధతిలో నేర్పాలి. వారిలో ఒకరిని ఆ పనికి నాయకులుగా తీర్చిదిద్దాలి. ఇది ఎందుకు అవసరమో, మన బళ్ళలో ఎలా సాధ్యమో ఈ వారం ఆలోచిద్దాం.

1. మన పిల్లలు మోసే బరువు

జనవరి మొదలు ఏప్రిల్ దాకా మిరప కోతల కాలం. పడమటి మెట్ట ప్రాంతాల నుండి, కర్నూలు వైపు నుండి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు ప్రాంతానికి పనికి వస్తాయి. కర్నూలువారు దీనిని ‘సుగ్గికి పోవటం’ అంటారు. కొందరు పిల్లలు తల్లిదండ్రుల వెంట వచ్చి బడికి దూరమవుతారు. కొందరు అవ్వ దగ్గరో, హాస్టలులోనో మిగిలిపోతారు. ఆ నెలల్లోనే పరీక్షలు దగ్గరపడతాయి.

భూమి ఉన్న ఇంట్లోనూ బరువు తక్కువ కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిపంటను దెబ్బతీసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులకు తాళలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పంట పోయిన ఇంట్లో పెద్దలు మాట్లాడుకోరు. పిల్లలకు మాత్రం అంతా అర్థమవుతూనే ఉంటుంది. ఇక మార్కుల సంగతి. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వెలువడిన రెండు రోజులలోనే తొమ్మిదిమంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఇటువంటి విషాదానికి కారణం ఏ ఒక్కటో అని తేల్చి చెప్పలేం. కాని బాధపడుతున్న బిడ్డ తన మనసు విప్పుకోవటానికి బడిలో ఒక మనిషి ఉన్నారా అని మాత్రం మనం తప్పక అడగాలి.

2. ప్రభువు శిష్యులకు నేర్పిన తీరు

పైన చెప్పిన సువిశేష భాగాన్ని మనం సాధారణంగా పిల్లల పండుగనాడు చదువుకుంటాం. అందులో శిష్యులకు కూడా ఒక పాఠం ఉంది. బిడ్డలను తీసుకువస్తుంటే అడ్డగించినవారు శత్రువులు కారు. ప్రభువు వెంట తిరిగే శిష్యులే. వారి ఉద్దేశం చెడ్డది కాదు. గురువుకు విశ్రాంతి కావాలని, క్రమం తప్పకూడదని అనుకొని ఉంటారు. నేడు బడి గుమ్మం దగ్గర ‘తరువాత రా, ఇప్పుడు ఖాళీ లేదు’ అని బిడ్డను పంపేవారి ఉద్దేశమూ అటువంటిదే. ప్రభువు వారిని అక్కడికక్కడే సరిదిద్దారు. పైగా బిడ్డలను ఎలా చేరదీయాలో వారి కళ్ళెదుటే చేసి చూపించారు.

అంతకుముందు పన్నెండుమందిని ఎన్నుకున్నప్పుడు కూడా మొదట తనతో ఉండటానికి, తరువాత పంపబడటానికి అని మార్కు రాశారు (3:14). ముందు పక్కన ఉండటం, ఆ తరువాతే బాధ్యత. శిష్యరికానికి ఇంతకు మించిన నిర్వచనం అక్కరలేదు.

3. ఒక స్టాంపు కాగితం

ఇటలీ దేశపు టూరిన్ నగరంలో 1841 డిసెంబరు 8న, గుడి పనివాడు కొట్టి తరిమిన ఒక అనాథ బాలుణ్ణి పునీత డాన్ బోస్కో వెనక్కి పిలిపించి ప్రేమగా మాట్లాడారు. ఆయన సేవకు అదే ఆరంభమని సలేషియన్ సభవారు నేటికీ స్మరించుకుంటారు. తరువాత ఆయన తన వద్ద ఉన్న పిల్లలను వడ్రంగుల వద్ద, ఇతర పనివారి వద్ద శిష్యులుగా చేర్చేవారు. ఊరికే అప్పగించలేదు; యజమానితో స్టాంపు కాగితంపై ఒప్పందం రాయించేవారు. 1852 నాటి ఒక ఒప్పందం నేటికీ భద్రంగా ఉంది. కుర్రవాణ్ణి మాటలతోనే సరిదిద్దాలి, కొట్టరాదు. పనితో సంబంధం లేని ఊడిగం చేయించరాదు. పండుగ దినాలలో సెలవు ఇవ్వాలి అన్న షరతులు అందులో ఉన్నాయి. బిడ్డకు ఇచ్చే మర్యాదను పెద్దల మంచితనానికే వదిలివేయకుండా రాతపూర్వకమైన బాధ్యతగా చేశారు.

ఆ సభ గురువులే 1989లో మన పొరుగున విజయవాడలో, రైల్వేస్టేషన్లలోనూ వీధుల్లోనూ తిరిగే పిల్లల కోసం నవజీవన్ బాలభవన్ ప్రారంభించారు.

4. గుంటూరు చూసిన శిష్యరికం

వైద్యరంగంలో మన గుంటూరే ఇందుకు సాక్ష్యం. ఆస్ట్రేలియా నుండి 1920లో గుంటూరు వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ జె.ఎం.జె. సభలో చేరి మఠకన్య అయ్యారు. వేలాది రోగులకు ఒక్క డాక్టరమ్మ ఏపాటి? ఆమె స్థానిక స్త్రీలను తనతో పనిచేయిస్తూ కాంపౌండర్లుగా, మంత్రసానులుగా, నర్సులుగా తయారుచేశారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేసినదీ ఆమెయే. డాక్టర్లు చాలినంతమంది వచ్చేదాకా ఆమె ఆగలేదు. పిల్లల మానసిక వైద్యులు మన మండలాలకు ఎప్పుడు వస్తారా అని మనమూ ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు.

5. ఉన్నది ఏమిటి? లేనిది ఏమిటి?

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టటాన్నే కాదు, మానసికంగా వేధించటాన్ని కూడా నిషేధించింది. 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ళ బి.ఎడ్.లో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. 2020లో కేంద్రం ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఎంపిక చేసి శిక్షణ ఇవ్వాలని ఉంది. మానసిక ఆరోగ్యం అందులో ఒక పాఠ్యాంశం.

ఇవన్నీ మంచివే. అయితే కొద్దిరోజుల శిక్షణ ముగిశాక ఆ టీచరు ఒంటరివారే. పక్కన నిలబడి సరిదిద్దేవారు ఉండరు. పైగా పిల్లలు ఎక్కువగా మనసు విప్పేది ఎవరి దగ్గర? చాలాసార్లు వంటమనిషి దగ్గర, ఆయా దగ్గర, వాచ్‌మన్ తాత దగ్గర. వారు ఏ శిక్షణ లెక్కలోకీ రారు.

ఇంగ్లండులో ప్రతి బడిలోనూ పిల్లల మానసిక ఆరోగ్యానికి ఒక సీనియర్ బాధ్యుడు ఉండాలని 2017 డిసెంబరులో ప్రభుత్వం ప్రతిపాదించింది. బడి సిబ్బంది ఉద్యోగం చేస్తూ, జీతం తీసుకుంటూనే నాయకత్వం నేర్చుకునే అప్రెంటిస్ పద్ధతి కూడా అక్కడ ఉంది. పని గంటల్లోనే చదువుకు సమయం ఇస్తారు. మనం గ్రహించవలసిన కీలకం ఇదే: సమయం ఇవ్వకుండా అప్పగించిన బాధ్యత కేవలం అదనపు బరువు.

6. మన బడిలో ఒక సంవత్సరం

మన విచారణ బడిలో, దానిని అంటుకొని ఉన్న హాస్టలులో ఇది ఎలా జరగవచ్చు? అనుభవం గల ఒక కౌన్సిలరునో, పిల్లలు నమ్మే పాత టీచరమ్మనో గురువుగా ఉంచుకుందాం. టీచర్లలో ఒకరు, వార్డెన్, వంటమనిషి – ఈ ముగ్గురు శిష్యులు.

మొదటి మూడు నెలలు చూడటం. ఎవరు అన్నం వదిలేస్తున్నారు, ఎవరు ఆటకు రావటం లేదు, ఎవరికి ఊరికే కోపం వస్తోంది? చూసినది గురువుతో వారానికొకసారి చెప్పుకోవాలి.

తరువాతి మూడు నెలలు వినటం. గురువు బిడ్డతో మాట్లాడుతున్నప్పుడు, బిడ్డకు ఇష్టమైతే పక్కన కూర్చోవాలి. మధ్యలో అడ్డుపడకుండా, నీతులు చెప్పకుండా వినటం అన్నిటికంటే కష్టమైన పాఠం.

ఆ పైన గురువు పక్కన ఉండగా తానే మాట్లాడటం. చివరి నెలల్లో సిబ్బంది సమావేశం నడపటం, తల్లిదండ్రులను కలవటం, తోటివారికి నేర్పటం. నాయకత్వం అంటే ఇదే, కుర్చీ కాదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఏడో తరగతి పిల్లవాడు ఫిబ్రవరిలో పక్క తడుపుతున్నాడు. వార్డెన్‌కు అది అల్లరి. లెక్కల మాస్టారికి వాడు సోమరి. రాత్రిపూట వాడు అన్నం ముట్టటం లేదని వంటమనిషికి తెలుసు. అమ్మానాన్నలు కోతలకు వెళ్ళి నెల దాటినా ఫోను రాలేదని వాచ్‌మన్‌కు తెలుసు. నలుగురికీ నాలుగు ముక్కలు తెలుసు; కలిపి చూసేవారు లేరు. వారానికి అరగంట ఆ నలుగురూ కూర్చుంటే బెత్తం అవసరం ఉండదు. దుప్పటి గుట్టుగా మార్చటం, తల్లితో ఫోనులో మాట్లాడించటం, అయినా తగ్గకపోతే డాక్టరుకు చూపించటం – చేయవలసినది తేటపడుతుంది.

7. మూడు జాగ్రత్తలు

ఒకటి: శిష్యులు వైద్యులు కారు. బిడ్డ చనిపోవాలని ఉందన్నా, తనను తాను గాయపరచుకున్నా ఒంటరిగా వదలక వెంటనే వైద్య సహాయం అందించాలి. టెలీ మానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

రెండు: ‘ఎవరికీ చెప్పను’ అని బిడ్డకు మాట ఇవ్వకూడదు. ‘నీకు సాయం చేయగలవారికి మాత్రమే చెబుతాను’ అనాలి. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోలీసులకు తెలియజేయటం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. నిందితుడు మన సంస్థవాడైనా, మన బంధువైనా అంతే. బడి పరువు బిడ్డకంటే పెద్దది కాదు. పిల్లల సహాయానికి 1098 ఉంది.

మూడు: సర్టిఫికెట్టు గోడకు తగిలించి, ఆ టీచరుకు మునుపటికంటే రెండు పీరియడ్లు ఎక్కువ వేస్తే సంవత్సరమంతా వృథా. వారానికి కొన్ని గంటలు రాసి ఇవ్వాలి. అలసిన సంరక్షకులను చూసుకునేవారు కూడా ఉండాలి.

8. కుటుంబాల వంతు

‘మేము దెబ్బలు తినే పైకి వచ్చాం’ అని కొందరు పెద్దలంటారు. పైకి వచ్చినవారు కనబడతారు. దెబ్బలకు బడి మానినవారు మనతో ఈ మాట చెప్పటానికి సభలో లేరు. ‘జీతాలకే డబ్బు లేదు’ అని నిర్వాహకులంటారు. ఆ మాట నిజమే. అందుకే మొదట అడిగేది డబ్బు కాదు. వారానికి అరగంట, ఒక గురువు, ఒక సంవత్సరం ఓపిక. పక్క పక్క విచారణల బళ్ళు మూడు నాలుగు కలిస్తే ఒక కౌన్సిలరును పంచుకోవచ్చు.

తల్లిదండ్రుల సమావేశంలో మార్కులతోపాటు ఈ సంగతి కూడా అడగండి. పరీక్షల కాలం ముగిశాక కాదు. జూన్‌లో బళ్ళు తెరిచిన రోజులలోనే అడగండి.

ఇంట్లో మాట్లాడుకోవటానికి

1. మన బిడ్డ బడిలో ఎవరితో మనసు విప్పి మాట్లాడుతుంది? బిడ్డనే అడిగి తెలుసుకోండి.

2. ఆ మనిషికి మనం ఎప్పుడైనా కృతజ్ఞత చెప్పామా?

3. మన విచారణ బడిలోగాని హాస్టలులోగాని ఈ శిష్యరికానికి తగినవారు ఎవరు? వారి పేరు ఈ ఆదివారం పూజ తరువాత విచారణ గురువులకు తెలియజేయండి.