పాత కంప్యూటర్‌కు కొత్త డిస్కు: డీటీపీ సెంటర్లకు చిట్కాలు

చేవెళ్ల, మొయినాబాద్‌లలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లో విండోస్ 98 కంప్యూటర్ ఇంకా మూలన ఉంటే పాతసామాన్లకు వేయకండి. అందులో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కొట్టిన తెలుగు ఉండొచ్చు. అది యూనికోడ్ కాదు; ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. హార్డ్ డిస్కు పోయినా దాని బదులు అడాప్టర్‌తో సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్) మెమరీ కార్డు, ఫ్లాపీ డ్రైవ్ బదులు పెన్‌డ్రైవ్‌ను ఫ్లాపీలా చూపించే గోటెక్ పెట్టి మళ్లీ నడిపించవచ్చు.

1. పాత డిస్కు ఇంకా తిరుగుతుంటే ముందు దాని ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) తీసిపెట్టుకోండి. టక్ టక్‌మని చప్పుడు వస్తుంటే స్కాన్‌డిస్క్ నడపవద్దు, ఉన్నది కూడా పోతుంది.

2. పెద్ద కార్డు కొనకండి. పాత 486 బయోస్‌లు చాలావరకు 504 ఎంబీ దాటి చూడలేవు. తర్వాతివి 8.4 జీబీ దగ్గర, ఇంకా తర్వాతివి 32 జీబీ దగ్గర ఆగిపోతాయి. డాస్ 6.22లో ఒక్కో పార్టిషన్ 2 జీబీకి మించదు. పెళ్లిపత్రికల ఫైళ్లకు 4 జీబీ కార్డు ధారాళంగా సరిపోతుంది.

3. కార్డును ఏ కంప్యూటర్లో వాడతారో అందులోనే ఎఫ్‌డిస్క్, ఫార్మాట్ చేయండి. సిలిండర్లు, హెడ్ల లెక్క ఒక్కో బయోస్ ఒక్కోలా వేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఫార్మాట్ చేసి తెస్తే కార్డు కనబడుతుంది గానీ బూట్ కాకపోవచ్చు.

4. అంతా పనిచేస్తున్నా నత్తనడక నడుస్తోందా? మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. అక్కడ ఎంఎస్-డాస్ కంపాటిబిలిటీ మోడ్ అని ఉంటే విండోస్ తన సొంత డ్రైవర్‌ను పక్కనపెట్టి బయోస్ మీద ఆధారపడుతోందన్నమాట. ఎక్కువమంది ఇక్కడే కార్డును తప్పుబట్టి పారేస్తారు. నా అనుభవంలో తప్పు చాలాసార్లు కార్డుది కాదు. విండోస్ ఫోల్డర్లో ఐఓఎస్.లాగ్ ఫైలు ఉంటే తెరవండి, ఏ డ్రైవర్ అడ్డుపడిందో అందులో దొరుకుతుంది. కాన్ఫిగ్.సిస్‌లో మిగిలిన పాత డిస్కు డ్రైవర్ లైను తీసేయండి. మదర్‌బోర్డు చిప్‌సెట్ డ్రైవర్ వేయండి. బూట్ సెక్టార్ వైరస్ ఉన్నా ఇదే లక్షణం కాబట్టి అదీ చూడండి. అన్నీ సరిచేసినా మారకపోతే రిజిస్ట్రీలో ఐఓఎస్ కింద నోఐడీఈ అనే విలువ ఉందేమో వెతికి, ఉంటే తీసేసి మళ్లీ స్టార్ట్ చేయండి.

5. విండోస్ లోగో దగ్గర బిగుసుకుపోతే బయోస్‌లో సీఎఫ్ కార్డు డ్రైవ్‌కు యూడీఎంఏ ఆపేయండి. చౌక అడాప్టర్లలో డీఎంఏకు కావలసిన తీగలు కలిపి ఉండవు.

6. గోటెక్ లైటు ఆరకుండా వెలుగుతుంటే కేబుల్ తిరగేసి పెట్టారు. మెలిక ఉన్న పీసీ కేబుల్‌కు జంపర్ ఎస్1 మీద ఉండాలి. ఫ్లాష్‌ఫ్లాపీ ఫర్మ్‌వేర్ అయితే సెట్టింగుల ఫైల్లో ఇంటర్‌ఫేస్ ఐబీఎంపీసీ అని రాయండి. 1.44 ఎంబీ ఇమేజ్ కచ్చితంగా 14,74,560 బైట్లు ఉండాలి. బయోస్‌లోనూ ఫ్లాపీ రకం అదే పెట్టాలి.

7. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ డిస్కు మాయమవుతుంటే సీఎంఓఎస్ బ్యాటరీ మార్చండి. చాలా బోర్డులకు సీఆర్2032 సరిపోతుంది.

8. విడిభాగాలకు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్లాల్సి వస్తే పాత కేబుల్, అడాప్టర్ వెంట తీసుకెళ్లి చూపించండి.

9. ఫైళ్లు తెరుచుకున్నాక వాటిని యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు, గుణింతాలు అచ్చు ప్రతితో పోల్చి సరిచూడండి. ఒక నకలు దుకాణంలో, ఇంకొకటి ఇంట్లో పెట్టుకోండి.